బరువు మిషన్లు కొనే ముందు: ఇంటి దగ్గర వైద్యసేవను కాగితం మీద నడిపి చూడటం ఎలా

రెండేళ్ల కిందట మా ఆసుపత్రిలో ముప్పై బరువు మిషన్లు, ముప్పై బీపీ మిషన్లు ఒకేసారి కొన్నాం. గుండె పంపింగ్ తగ్గి, ఒళ్లంతా నీరు పట్టి అడ్మిట్ అయి, కుదుటపడి ఇంటికెళ్లిన వాళ్లకు వాటిని ఇచ్చాం. రోజూ పొద్దున బరువు చూసుకుని ఫొటో వాట్సాప్‌లో పెట్టండి, మేం చూసుకుంటాం అన్నాం. మూడో వారంలో ఒక పెద్దావిడ బరువు నాలుగు రోజుల్లో మూడు కిలోలు పెరిగింది. నాలుగు ఫొటోలూ వచ్చాయి, నాలుగింటికీ నీలం టిక్కులు పడ్డాయి. ఎవరూ ఆమెకు ఫోను చేయలేదు. చూసిన సిస్టరు డాక్టరుగారు చూస్తారనుకుంది. ఏదైనా ఉంటే సిస్టరు చెబుతుందని డాక్టరుగారు అనుకున్నారు. అయిదో రోజు రాత్రి ఇంట్లోవాళ్లు ఆమెను ఆటోలో కూర్చోబెట్టి తీసుకొచ్చారు. పడుకోబెడితే ఊపిరాడటం లేదు. ఆమె బతికింది కాబట్టి ఈ సంగతి ఇలా రాయగలుగుతున్నాను.

మిషను తన పని చేసింది, ఆమె కూడా చేసింది. అంకె మా దగ్గరికి వచ్చాక ఏం జరగాలన్నది మాత్రం మేం ఎక్కడా రాసుకోలేదు. ఇంటి దగ్గర వైద్యం పెట్టాలనుకునే ఆసుపత్రులు, ట్రస్టులు, హోమ్ నర్సింగ్ వాళ్లు నన్ను అడిగితే అందరికీ ఒకటే చెబుతున్నాను: మిషన్లు, యాప్ చివర్లో కొనండి. ముందు సేవ మొత్తాన్ని కాగితం మీద నడపండి. అది ఎలాగో వరసగా చెబుతాను. ఉదాహరణకు గుండె పంపింగ్ తగ్గినవాళ్లనే, అంటే గుండె నీరసం ఉన్నవాళ్లనే తీసుకుంటాను. షుగరుకీ, పక్షవాతానికీ పద్ధతి ఇదే.

మొదటి అడుగు: ఎవరికి, దేనికి అన్నది ఒక్క వాక్యంలో రాయండి

"పెద్దవాళ్లందరికీ ఇంటి వద్దే వైద్యం" అని రాస్తే దాన్నిబట్టి ప్లాను వేయలేరు. "గత ఏడాదిలో గుండె నీరసంతో మా దగ్గర అడ్మిట్ అయినవాళ్లు, ముప్పై కిలోమీటర్ల లోపు ఉండేవాళ్లు, మళ్లీ నీరు పట్టక ముందే కనిపెట్టి మందు సర్దటం" అని రాస్తే లెక్క కుదురుతుంది. ఎంతమందో మీ డిశ్చార్జి రిజిస్టరే చెబుతుంది.

ఈ వాక్యానికి ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, ఇదే జబ్బు మీద ఇదే ఆలోచనతో చేసిన రెండు పెద్ద అధ్యయనాలు వేరువేరు ఫలితాలిచ్చాయి. 2010లో వెలువడిన అమెరికా అధ్యయనంలో 1,653 మందిని తీసుకుని, అందులో సగం మందికి రోజూ ఫోనులో రికార్డు చేసిన ప్రశ్నలు వినిపించి, మీటలు నొక్కి జవాబు చెప్పే ఏర్పాటు చేశారు. మళ్లీ అడ్మిట్ కావడంలోనూ, మరణాల్లోనూ తేడా రాలేదు. ఆ ఏర్పాటు ఇచ్చినవాళ్లలో 14 శాతం మంది ఒక్కసారి కూడా వాడలేదు. ఆరు నెలలు ముగిసేసరికి వారానికి మూడుసార్లయినా వాడుతున్నవాళ్లు 55 శాతమే. 2018లో వెలువడిన జర్మనీ అధ్యయనంలో 1,571 మంది ఉన్నారు. వాళ్లను అంతకుముందు ఏడాది లోపల గుండె నీరసంతో అడ్మిట్ అయినవాళ్లలోంచే ఎంచుకున్నారు, తీవ్రమైన మానసిక కుంగుబాటు ఉన్నవాళ్లను తీసుకోలేదు. ఇంటి నుంచి వచ్చే కొలతలను డాక్టర్లు, నర్సులు ఉన్న కేంద్రం ఇరవై నాలుగు గంటలూ చూసేది. అక్కడ ఆసుపత్రిలోనో మరణం వల్లనో పోయిన రోజులు ఏడాదికి సగటున 24.2 నుంచి 17.8కి తగ్గాయి, మరణాలూ తగ్గాయి. రెండు చోట్లా రోగి ఇంట్లో బరువు చూసుకున్నాడు. ఎవరిని ఎంచుకున్నారు, అవతలి చివర ఎవరు కూర్చున్నారు అన్నవాటిలో పెద్ద తేడా ఉంది.

రెండో అడుగు: పది ఇళ్లకు వెళ్లండి

ఫోను సర్వే చాలదు, మనిషి వెళ్లాలి. మీ జాబితాలోంచి పది ఇళ్లు ఎంచుకోండి: టౌనులో నాలుగు, ఊళ్లలో ఆరు. పొద్దున ఆరున్నరకు వెళ్లండి, మీరు కొలవమనబోయే వేళ అదే కదా.

నేను వెళ్లిన ఒక ఇంట్లో నాపరాళ్లు పరిచిన నేల. బరువు మిషను వంటింటి గుమ్మం దగ్గర పెట్టారు, దాని ఒక కాలు రెండు బండల మధ్య సందులోకి దిగింది. ఆ పెద్దాయన ఎక్కితే 61.4. మిషనును జానెడు అవతలికి జరిపి మళ్లీ ఎక్కమంటే 62.9. మనిషి అదే, లుంగీ అదే, నిమిషం కూడా గడవలేదు, తేడా మాత్రం కిలోన్నర. మూడు రోజుల్లో రెండు కిలోలు దాటితే నీరు పడుతున్నట్టు అనుమానించాలని మనం హద్దు పెట్టుకుంటాం. అందులో ముప్పాతిక వంతు నేలలోనే ఉంది.

బీపీ దగ్గర ఇంకో రకం ఇబ్బంది. పట్టీని జాకెట్టు చేతుల మీద నుంచే చుడతారు. మంచం మీద కాళ్లు వేలాడేసి కూర్చుంటారు, చెయ్యి ఒళ్లో ఉంటుంది. అయిదు నిమిషాలు ఊరికే కూర్చుని, వీపు ఆనించి, పాదాలు నేలకు తాకించి, బట్ట అడ్డం లేని చెయ్యి గుండె ఎత్తులో ఉంచితేనే ఆ అంకెకు విలువ. ఆ ఇంట్లో వీపు ఆనే కుర్చీ ఉందా అన్నది రాసుకోండి. నేను చూసిన పది ఇళ్లలో మూడింట్లో లేదు. ఆక్సిజన్ చూసే క్లిప్పు ఇవ్వాలనుకుంటే, గోరింటాకు గానీ నెయిల్ పాలిష్ గానీ లేని వేలు దొరుకుతుందా చూడండి.

ఫోను ఎవరిదో తప్పకుండా అడగండి. నంబరు అబ్బాయిది, అబ్బాయి ఎనిమిదింటికి పనికి పోతాడు, సాయంత్రం దాకా ఇంట్లో ఉండేది బటన్ల ఫోను. రీఛార్జి అయిపోతే పిల్లలు వచ్చేదాకా అంతే. ఇవన్నీ మీ ప్లానులో కొలతలు. "స్మార్ట్ ఫోన్ ఉంది" అన్న గడిలో టిక్కు పెట్టుకుని వచ్చేస్తే ఏమీ తెలుసుకోనట్టే.

ఇంకొకటి. ఆ ఇంట్లో వొంట్లో బాగా లేకపోతే ముందు ఎవరిని పిలుస్తారు? ఊళ్లో ఆర్ఎంపీనా, ఆశా వర్కరునా, కోడలి అన్ననా? ఆ మనిషి పేరు, నంబరు రాసుకోండి. మీరు రాసుకోకపోయినా ఆ మనిషి ఈ సేవలో ఉంటాడు. అసలు ప్రమాదం వచ్చిన పూట ముందు ఫోను అతనికే వెళుతుంది.

మూడో అడుగు: చార్టు మీద గీయండి

పెద్ద డ్రాయింగ్ చార్టు తెచ్చుకోండి. నిలువుగా అయిదు వరసలు: రోగి, ఇంట్లో మనిషి, సిస్టరు, డాక్టరు, అత్యవసర విభాగం. పై నుంచి కిందికి టైము. పొద్దున ఆరున్నర నుంచి మర్నాడు పొద్దున ఆరున్నర దాకా జరిగే ప్రతి పనీ, చేసే మనిషి వరసలో ఒక డబ్బాగా గీయండి. ఒకరి నుంచి ఇంకొకరికి పని మారే ప్రతి చోటా బాణం వేయండి. బాణం మీద మూడు సంగతులు రాయకుండా పక్కదానికి పోకండి: దేని ద్వారా, ఎంతసేపట్లో, అవతలివాళ్లు ఎత్తకపోతే తరువాత ఎవరు.

మేం నష్టపోయింది ఈ బాణం దగ్గరే. సిస్టరు నుంచి డాక్టరుగారికి వెళ్లే గీత మా మనసుల్లో ఉంది, కాగితం మీద లేదు. ఇప్పుడు మా చార్టులో ఆ బాణం మీద ఇలా ఉంటుంది: "ఫోను కాల్, వాట్సాప్ కాదు, పదిహేను నిమిషాల్లో, ఎత్తకపోతే డ్యూటీ డాక్టరు, ఆయనా ఎత్తకపోతే రోగిని క్యాజువాలిటీకి రమ్మనటం." డాక్టరుగారు "చూశాను" అంటే చాలదు. ఏం చేయమన్నారో సిస్టరు రాసి, తిరిగి చదివి వినిపించాలి. అప్పుడే ఆ బాణం పూర్తయినట్టు.

తరువాత రోగి పరిస్థితులు గీయండి. నిలకడగా ఉన్నారు, మళ్లీ కొలవాలి, డాక్టరుకి చెప్పాలి, ఆసుపత్రికి రావాలి అనే నాలుగూ ఎవరైనా రాస్తారు. అయిదోది తరచూ మరిచిపోతారు: సమాచారం లేదు. కొలత రాకపోవడం ఖాళీ గడి కాదు, అది కూడా ఒక పరిస్థితే. ఒక పూట రాకపోతే సిస్టరు ఫోను. రెండు పూటలు రాకపోతే ఇంట్లో మనిషికి ఫోను. మూడో పూటకి కూడా ఏమీ తెలియకపోతే ఆశా వర్కరో, మన మనిషో గడప దాకా వెళ్లి చూడాలి. కొలతలు పంపడం మానేసినవాళ్లలో కొంతమంది విసుగుతో మానేస్తారు, కొంతమంది లేచి బరువు మిషను ఎక్కలేక మానేస్తారు. ఫొటోల వరసను చూస్తే ఎవరు ఎవరో తెలియదు.

రాత్రి సంగతి ముందే తేల్చుకోండి. మీరు రాత్రి చూడలేకపోతే ఆ మాట మొదటి రోజే తెలుగులో, పెద్ద అక్షరాల్లో కాగితం మీద ఇవ్వండి: "రాత్రి ఎనిమిది తరువాత పంపినవి పొద్దున ఎనిమిదికి చూస్తాం. ఆయాసం వస్తే ఎదురు చూడకండి, 108కి చేయండి." జర్మనీలో రాత్రి పూట కూడా మనిషి ఉన్నాడు. మన దగ్గర లేనప్పుడు ఉన్నట్టు కనిపించకూడదు.

నాలుగో అడుగు: హద్దులు పెట్టండి, ప్రశ్నలు రాయండి

ఏ అంకె దాటితే ఫోను చేయాలన్నది మీ గుండె డాక్టరుగారు ఒక్కో రోగికీ రాసివ్వాలి. మొదలుపెట్టడానికి మామూలుగా వాడే హద్దు: మూడు రోజుల్లో రెండు కిలోలకు మించి పెరగటం. లేవగానే ఒంటేలుకు వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, అదే రకం బట్టలతో తూచిన బరువుకే ఇది వర్తిస్తుంది. బీపీకి ఆసుపత్రిలో 140/90ని హద్దుగా పెట్టుకున్నచోట ఇంట్లో కొలిస్తే 135/85 అని గుర్తుంచుకోండి. షుగరు వాళ్లను చేర్చుకుంటే ఇంకో జాగ్రత్త ఉంది. ఇంటి షుగరు మిషన్లకు ఉన్న 2013 నాటి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం వంద కంటే తక్కువ ఉన్నచోట 15 అటూ ఇటూ తేడా వచ్చినా ఒప్పుకుంటారు. మిషను 75 చూపిస్తే అసలుది 60 కావచ్చు. కాబట్టి "70 కంటే తగ్గితే" అని రాసి ఊరుకోకుండా, "చెమటలు, వణుకు ఉంటే అంకె ఎంతున్నా" అని కూడా కలపండి.

హద్దు బిగిస్తే భద్రత పెరుగుతుందని అందరికీ అనిపిస్తుంది. కాగితం మీద వేసి చూడండి. వందమంది ఉన్నారు, ఆ రోజు నిజంగా నీరు పడుతున్నది ఒకరికి అనుకుందాం. మీ హద్దు మిగతా తొంభై తొమ్మిది మందిలో పది శాతాన్ని కూడా పట్టుకుంటే, ఒక నిజమైన హెచ్చరిక పది వట్టి హెచ్చరికల మధ్య కూర్చుంటుంది. నెల తిరిగేసరికి సిస్టరు కన్ను వాటికి అలవాటు పడిపోతుంది. ఆ తప్పు సిస్టరుది కాదు, హద్దుది. మేం చేసిన మార్పు చిన్నది: హద్దు దాటగానే హెచ్చరిక మోగించం, "మిషనును చెక్క పలక మీద పెట్టి మళ్లీ ఎక్కండి" అంటాం. రెండోసారీ దాటితే ప్రశ్నలు అడుగుతాం.

ప్రశ్నల విషయంలో బాగా సమయం పెట్టండి. "ఆయాసం ఉందా అమ్మా?" అని అడిగితే మన పెద్దవాళ్ల జవాబు తెలిసిందే: "బానే ఉన్నాను సిస్టరమ్మా, నీకెందుకు శ్రమ." పిల్లలకు ఖర్చు పెట్టించకూడదని వాళ్ల బాధ. అందుకని ఉందా లేదా అని అడగకండి, రాత్రి ఎలా గడిచిందో చెప్పించండి. "రాత్రి ఎన్ని దిండ్లు వేసుకున్నారు పెద్దమ్మా? మొన్నటిదాకా ఎన్ని?" "మధ్యలో లేచి కూర్చోవాల్సి వచ్చిందా?" "బాత్రూం దాకా ఆగకుండా నడిచారా, గోడ పట్టుకుని ఆగారా?" "చెప్పుల పట్టీ బిగుసుకుందా? మెట్టెలు తిరుగుతున్నాయా?" ఒకావిడ బరువు కిలో కూడా పెరగలేదు, కానీ "మెట్టె ఊడి రావటం లేదమ్మా, సబ్బు రాసినా" అంది. ఆమె కాళ్లకు నీరు దిగిందని ముందు చెప్పింది ఆ మెట్టె. మాత్ర వేసుకుంటున్నారా అని అడగకుండా "నీరు లాగే మాత్ర ఇంకా ఎన్ని ఉన్నాయి, అట్ట తీసి లెక్కపెట్టండి" అనండి. ప్రయాణం ఉందని, దారిలో మాటిమాటికీ దిగాల్సి వస్తుందని ఆ మాత్ర మానేసేవాళ్లు చాలామంది.

ఈ ప్రశ్నలను మీ జిల్లా మాటల్లోకి మార్చుకోండి. రాసింది రాసినట్టు పైకి చదవండి, వినేవాళ్లకు మాట్లాడుతున్నట్టు అనిపించాలి.

అయిదో అడుగు: ఒక రోజు పనిని నిమిషాల్లో లెక్కకట్టండి

ఎక్సెల్ షీటు తీయండి. కింద ఉన్నవి ఉదాహరణకు వేసిన అంకెలు, మీవి మీరు పెట్టుకోండి.

వందమందిలో డెబ్బై మంది పది గంటల లోపు పంపారు, ముప్పై మంది పంపలేదు. పంపనివాళ్లకు ఒక్కో ఫోను నాలుగు నిమిషాలు: 120. పంపినవాళ్లలో ఏడుగురు హద్దు దాటారు. ఒక్కొక్కరికి మళ్లీ కొలిపించి, మాట్లాడి, డాక్టరుకి చెప్పి రాసేసరికి పన్నెండు నిమిషాలు: 84. మిగిలిన అరవై ముగ్గురిని చూసి నమోదు చేయటం నిమిషం చొప్పున 63. మొత్తం 267 నిమిషాలు. సిస్టరు డ్యూటీలో భోజనం, టీ పోను ఏడు గంటలు అంటే 420 నిమిషాలు. సుమారు 64 శాతం నిండింది, బాగానే ఉంది.

ఇప్పుడు యాజమాన్యం "అదే సిస్టరుతో నూట యాభై మందిని చూడొచ్చు కదా" అంటుంది. లెక్క 400 నిమిషాలు, 95 శాతం. ఇంకా ఇరవై నిమిషాలు మిగిలినట్టే కనిపిస్తుంది. కానీ పనులు వరసగా నడిచి రావు, ఒక్కోసారి నాలుగు కలిసి వస్తాయి. అలా ఎప్పుడు పడితే అప్పుడు వచ్చే పనికి ఒక్క మనిషే ఉంటే ఎంత వేచి ఉండాలో చెప్పే సూత్రం తేలికైనది: మనిషి ఎంత వంతు నిండాడో దాన్ని, ఖాళీగా ఉన్న వంతుతో భాగించి, ఒక పనికి పట్టే సగటు టైముతో గుణించండి. 64 శాతం దగ్గర, సగటు పని 2.7 నిమిషాలైతే, వేచి ఉండేది అయిదు నిమిషాల లోపే. 95 శాతం దగ్గర దాదాపు గంట. రోగులు ఒకటిన్నర రెట్లయ్యారు, ఎదురుచూపు పది రెట్లు దాటింది. దాదాపు కొలతలన్నీ పొద్దున ఏడు, తొమ్మిది మధ్యే వచ్చి పడతాయి కాబట్టి నిజంలో ఇంకా ఎక్కువే ఉంటుంది. నన్నడిగితే 70 శాతం దాటనివ్వకండి. యాజమాన్యానికి మాటలతో చెబితే వినరు, ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూపించండి.

ఇదే షీటులో చెడ్డ రోజును కూడా నడపండి. మా చెడ్డ రోజు కనుమ. సిస్టర్లలో సగం మంది సెలవు, రోగుల్లో కొంతమంది కూతుళ్ల ఇళ్లకు పోయి మిషను ఇక్కడే వదిలారు, మిగతావాళ్లు మూడు రోజులుగా పచ్చళ్లు, అప్పడాలు, మాంసం కూర తిన్నారు. ఉప్పు పెరిగింది కాబట్టి నీరు పడుతుంది. హద్దు దాటేవాళ్లు ఏడుకు బదులు పద్దెనిమిది మంది, పంపనివాళ్లు యాభై మంది అని వేసి చూడండి. ఆ రోజుకి రెండో మనిషి ఎవరో ఇప్పుడే పేరు రాసుకోండి.

ఆరో అడుగు: డబ్బు

ఒక కుర్చీలో ఏడాది పొడుగునా పగటిపూట మనిషి ఉండాలంటే ఒక్కరు సరిపోరు. వారాంతపు సెలవులు 52, మిగతా సెలవులు 24 తీసేస్తే ఒక మనిషి పనిచేసేది సుమారు 289 రోజులు. 365ని దానితో భాగిస్తే 1.26. మూడు షిఫ్టులైతే దాదాపు నలుగురు. ప్రాజెక్టు రిపోర్టుల్లో "నర్సు: 1" అని చూసిన ప్రతిసారీ నాకు ఈ లెక్కే గుర్తొస్తుంది.

ఇదీ ఊహించి వేసిన లెక్కే. నెలకు సిస్టరు జీతం 22,000 అయితే 1.26 మందికి 27,720. డాక్టరుగారి రోజుకో గంటకు నెలకు 15,000. ఫోన్లు, సాఫ్ట్‌వేర్ 5,000. కిట్టు 5,000 చొప్పున వంద కిట్లను రెండేళ్లకు పంచితే నెలకు 20,833. ఇళ్లకు వెళ్లిరావడాలు 8,000. వందమంది ఉంటే ఒక్కొక్కరికి సుమారు 766 రూపాయలు. అరవై మందే చేరితే, కిట్ల ఖర్చూ ఇళ్లకు వెళ్లిరావడాల ఖర్చూ ఆ మేరకు తగ్గినా, 1,084. ఆ తేడాను ఎవరు భరిస్తారో ముందే రాసుకోవాలి. ఒక్కో అంకెనూ విడిగా పెంచి, తగ్గించి చూడండి. మా షీటులో అన్నిటికంటే ఫలితాన్ని మార్చింది మిషను ధర కాదు, ఎంతమంది చేరతారన్నదే.

పిల్లలు అమెరికాలో ఉండి డబ్బు కడతామనే కుటుంబాలు మన దగ్గర చాలా ఉన్నాయి. వాళ్లను చేర్చుకోండి, కానీ హెచ్చరిక వాళ్లకు ముందు వెళ్లేలా పెట్టకండి. మనకు పొద్దున ఎనిమిదైతే డల్లాస్‌లో రాత్రి ఎనిమిదిన్నరో తొమ్మిదిన్నరో అవుతుంది. ఆ వేళ అంకె చూసిన కొడుకు కంగారుపడటం తప్ప చేయగలిగింది లేదు. ముందు సిస్టరు, తరువాత ఊళ్లో మనిషి, ఏం చేశామో తేలాక కొడుకు. అంకెతో పాటు తీసుకున్న చర్య కూడా కలిపి పంపితే ఆయన నిద్రపోగలడు.

ఏడో అడుగు: చట్టం ఎక్కడ తగులుతుందో చార్టు మీదే గుర్తుపెట్టండి

దూరం నుంచి వైద్యానికి మన దేశంలో 2020 మార్చి 25న మార్గదర్శకాలు వచ్చాయి. మీ చార్టుకు కావలసినవి కొన్నే. రోగి తనంతట తాను ఫోను చేస్తే అంగీకారం ఉన్నట్టే లెక్క. ఆసుపత్రో, సిస్టరో మొదలుపెడితే స్పష్టంగా అడిగి నమోదు చేయాలి. మన సేవలో మొదలుపెట్టేది మనమే కాబట్టి ఆ డబ్బా మొదటి రోజే ఉండాలి. ఎదురుగా చూసిన అదే డాక్టరు, అదే జబ్బుకు ఆరు నెలల లోపు మాట్లాడితేనే దాన్ని ఫాలో-అప్ అంటారు. అందుకని ప్రతి రోగినీ అయిదో నెలలో ఒకసారి ఆసుపత్రికి రప్పించే తేదీ ముందే వేయండి. మత్తుమందుల చట్టం కిందికి, షెడ్యూల్ ఎక్స్ కిందికి వచ్చే మందులు ఫోను మీద రాయకూడదు. యాప్ తనంతట తాను మందు మార్చమని చెప్పకూడదు, చెప్పేది డాక్టరే.

ఒక మాట దగ్గర జాగ్రత్త. ఈ మార్గదర్శకాల్లో ఆర్ఎంపీ అంటే రిజిస్టరైన వైద్యుడు. మన ఊళ్లలో ఆర్ఎంపీ అంటే చదువు లేకుండా సూది వేసే మనిషి. మీ కాగితాల్లో ఆ మాట వాడకుండా "రిజిస్టర్డ్ డాక్టరు" అని పూర్తిగా రాయండి. మా సిబ్బందిలోనే ఒకరు దాన్ని తప్పుగా అర్థం చేసుకున్నారు.

2023 నాటి వ్యక్తిగత సమాచార చట్టం ప్రకారం సమ్మతి కాగితాన్ని ఇంగ్లీషులోనో, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషలోనో చదువుకునే వీలు ఇవ్వాలి. తెలుగులో ఇవ్వండి, చదవలేనివాళ్లకు చదివి వినిపించండి. తన అంకెలు ఎవరెవరు చూడొచ్చో రోగినే అడగండి. అన్నదమ్ములందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో అమ్మ బీపీ పెట్టేయటం మనకు మామూలైపోయింది, కానీ అమ్మను అడిగినవాళ్లు తక్కువ.

ఎనిమిదో అడుగు: ఒక మధ్యాహ్నం ఆడి చూడండి

సిస్టరు, డాక్టరు, డ్యూటీ డాక్టరు, ఒక రోగి, వాళ్లింటి మనిషి. అందరినీ వేరువేరు గదుల్లో కూర్చోబెట్టండి, చేతిలో ఫోన్లు మాత్రమే ఉండాలి. మీరు చీటీలు ఇస్తారు. మొదటి చీటీ: బరువు రెండున్నర కిలోలు పెరిగింది. రెండోది: రెండు రోజులుగా ఏమీ రాలేదు. మూడోది: బరువు 13 కిలోలు అని వచ్చింది, మనవడు ఎక్కాడు. నాలుగోది: రాత్రి రెండింటికి ఆయాసం, ఇంట్లో ముసలివాళ్లిద్దరే. అయిదోది: సిస్టరు సెలవులో ఉంది, డాక్టరుగారు ఆపరేషన్ థియేటర్లో ఉన్నారు.

స్టాప్‌వాచీ పట్టుకుని, ఏ బాణం ఎంతసేపట్లో కదిలిందో చార్టు మీద ఎర్రపెన్నుతో రాయండి. మేం ఆడినప్పుడు పదిహేను నిమిషాలు అని రాసుకున్న బాణానికి నలభై ఒక్క నిమిషాలు పట్టింది. డాక్టరుగారి ఫోను సైలెంటులో ఉంది. ఆ ఒక్క మధ్యాహ్నంతో ఆయన నంబరు కాకుండా డ్యూటీ ఫోను ఒకటి విడిగా పెట్టాం. రోజుకి ఎవరు డ్యూటీలో ఉంటే వాళ్ల జేబులో అది ఉంటుంది.

రోగి పాత్రకు నిజంగా రోగినే పిలవండి. మా దగ్గరికి వచ్చిన బాబాయిగారు చీటీ చదివి, "ఇట్లా ఉంటే నేను మీకు చేయనమ్మా, మా తమ్ముడికి చేస్తా" అన్నారు. మా చార్టులో తమ్ముడి వరస లేదు. ఆ సాయంత్రమే గీశాం.

తొమ్మిదో అడుగు: పదిమందితో మూడు వారాలు

యాప్ వద్దు, ఒక నోటుబుక్కు, ఒక డ్యూటీ ఫోను చాలు. వీలైతే వాళ్ల ఇళ్లలో ఉన్న మిషన్లే వాడండి, లేనివాళ్లకు మాత్రమే ఇవ్వండి. పుస్తకంలో రోజూ రాయాల్సినవి: కొలత వచ్చిందా, ఎన్నింటికి, ఎవరు పంపారు, హద్దు దాటిందా, దాటితే ఏం చేశాం, ఎన్ని నిమిషాలు పట్టింది. మొదలుపెట్టకముందే ఆపాల్సిన హద్దులు కూడా రాయండి. మావి రెండు. మూడో వారంలో పదిమందిలో ఆరుగురు కూడా పంపకపోతే ఆపి, కారణం వెతకాలి. డాక్టరుకి చెప్పాల్సింది ఒక్కటైనా అదే రోజు చెప్పకపోతే వెంటనే ఆపాలి.

మూడు వారాలయ్యాక ఆ పుస్తకంలోని అంకెలు తీసుకెళ్లి అయిదో అడుగు షీటులో ఊహలకు బదులు పెట్టండి. మేం నాలుగు నిమిషాలు అనుకున్న ఫోను ఆరున్నర నిమిషాలు పట్టింది. కొడుకు సంగతి, మోకాళ్ల నొప్పి, కోడలి మాట అన్నీ చెబుతారు. దాన్ని తగ్గించమని నేను సిస్టర్లకు చెప్పలేదు, ఆ మాటల మధ్యలోనే దిండ్ల సంగతి బయటపడుతుంది. లెక్కలో నాలుగు తీసి ఆరున్నర రాసి, ఒక సిస్టరు చూసే రోగుల సంఖ్యను వంద నుంచి ఎనభైకి తగ్గించాం.

ఇక కొనండి. బీపీ మిషనుకు స్వతంత్ర పరీక్షల్లో సరిగా చూపిస్తుందని తేలిన మోడళ్ల జాబితాను స్ట్రైడ్ బీపీ అనే సంస్థ వెబ్‌సైటులో పెడుతుంది, అందులో ఉన్నదే తీసుకోండి. సన్న చేతులకు, లావు చేతులకు వేరువేరు పట్టీలు అడగండి. కిట్టు పెట్టెలో బ్యాటరీలు రెండు జతలు, తెలుగులో పెద్ద అక్షరాల కాగితం, డ్యూటీ నంబరు రాసిన స్టిక్కరు పెట్టండి. బరువు మిషను కింద వేయడానికి అడుగున్నర చదరం ప్లైవుడ్ పలక కూడా అందులోనే ఉండాలి. ముప్పావు అంగుళం మందం సరిపోతుంది. వడ్రంగి దగ్గర అన్నీ ఒకేసారి కోయించి, అంచులు గీకించి, కిట్టు ఇవ్వడానికి వెళ్లిన రోజే ఆ ఇంట్లో గట్టి చోటు చూసి పరవండి. చుట్టూ సుద్దతో గీత గీసి, "ఇక్కడే పెద్దమ్మా, దీన్ని జరపకండి" అని చెప్పి, మీ ఎదురుగా మూడుసార్లు ఎక్కించి చూడండి.